ఎ గ్రేడు ధ్యానం

మా ఊళ్లో ఎవరూ ధాన్యం అనరు. వడ్లు అంటారు. వడ్లు చల్లుతారు, వడ్లు కోస్తారు, వడ్లు ఆరబోస్తారు. అవే వడ్లు ప్రభుత్వం కొనే నాటికి ధాన్యం అవుతాయి. పిల్లకు ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉండదా, ఇదీ అంతే అనుకుని మేమెప్పుడూ పట్టించుకోలేదు. ప్రభుత్వం కూడా వడ్లనే అని ఉంటే ఈ గొడవ వచ్చేది కాదు. వడ్లు అన్న మాటను ఎంత తప్పు రాసినా ధ్యానం కాదు.

యాసంగి కోతలు అయిపోయాయి. బడి ముందున్న ఖాళీ జాగాలో అందరం కుప్పలు పోశాం. వరుసలో మొదటిది కొమురవ్వ కుప్ప. ఆమె ఒంటరి మనిషి. వానాకాలం పంట దోమపోటుకు పోయింది. ఏడాది మొత్తానికి చేతికొచ్చింది ఆ కుప్పే. బాగా ఆరింది. దోసిట్లోకి తీసుకుని వదిలితే గలగలమంటోంది. కాని రోజూ పొద్దు వాలే వేళకు పడమట మొగులు కమ్ముతోంది. ఒక్క గట్టి వాన పడితే కుప్ప అడుగున మొలకలొస్తాయి. మొలకలొచ్చిన వడ్లను మిల్లువాడు ముట్టడు. కోళ్లు కూడా కొంచెం ఆలోచించి తింటాయి. వాన కంటే ముందు కొనుగోలు కేంద్రం తెరవాలి. మా ఊరి కోరిక అదొక్కటే.

ఒకనాడు పొద్దున్నే పంచాయతీ కార్యదర్శి సురేందర్ బండి మీద ఫ్లెక్సీ చుట్ట పెట్టుకుని వచ్చాడు. బడి గోడకు కట్టించాడు. కొమురవ్వ సంతోషంతో కుప్ప మీది టార్పాలిన్ పరదా కూడా తీసేసింది. ఆమె పక్క కుప్ప ఓదెలుది. ఓదెలు కుప్పకు ఆనుకుని నిద్రపోతూ కాపలా కాసే మనిషి. అతను లేచి కళ్లు నులుముకుని ఫ్లెక్సీని కూడబలుక్కుంటూ చదివాడు.

"ధ్యా... నం. ధ్యానం కొనుగోలు కేంద్రం." మళ్లీ చదివాడు. "సురేందరూ, గిదేందే? మేం కండ్లు మూసుకుని కూసుంటే పైసలిస్తరా?"

"ఫ్లెక్సోడు తప్పు కొట్టిండు కావచ్చు మామా" అని సురేందర్ జేబులోంచి ఆర్డరు తీశాడు. తీసి, చదివి, మళ్లీ మడిచాడు. ఫ్లెక్సీవాడి తప్పేమీ లేదు. ఆర్డరులో పైనుంచి కిందిదాకా ధ్యానమే ఉంది. 'రైతుల నుండి ధ్యానం నేరుగా సేకరించవలెను. ధ్యానం తడవకుండా పరదాలు సమకూర్చవలెను.' న కింద ఉండాల్సిన యావత్తు ధ కిందికి జరిగింది. యావత్తు ఒక అక్షరం జరిగేసరికి యావత్తు ఊరూ ఆగిపోయింది.

కొమురవ్వకు చదువు రాదు. సంగతి చెబితే తేలిగ్గా తీసుకుంది.

"గా ఒత్తును గీకేసి ఇవుతల పెట్టు బిడ్డా. సున్నం కావాల్నా, నా సంచిల ఉన్నది."

"గీకరాదు పెద్దమ్మా. కింద పెద్దసారు సంతకమున్నది."

మధ్యాహ్నానికి ప్రత్యేకాధికారి విద్యాధర్ సారు జీపు దిగారు. మనిషి మంచివారే. ఎండలో కూడా కోటు విప్పరు. సురేందర్ గొంతు తగ్గించి ఒత్తు విషయం చెప్పాడు. సారు విన్నారు. ఆర్డరును వెలుగుకు పెట్టి చూశారు. సంతకాన్ని చూసి కొంచెం వంగినట్టు కూడా కనిపించింది.

"సంతకమైన పిమ్మట ఉత్తర్వులో అక్షరదోషం అనునది ఉండదు" అన్నారు. "ఉన్నట్లు కనిపించినచో అది క్షేత్రస్థాయి అవగాహనా లోపము."

"సారూ, మా తాన వడ్లున్నయి. ధ్యానం లేదు" అంది కొమురవ్వ.

"లేదని లిఖితపూర్వకంగా ఇవ్వగలరా? ఇచ్చినచో మీది ఉత్పత్తి లేని గ్రామంగా నమోదగును. ఉత్పత్తి లేని గ్రామంలో కేంద్రం అనవసరం గనుక మూసివేయబడును."

"ఉన్నది, ఉన్నది" అంది కొమురవ్వ వెంటనే. "మస్తున్నది. ఇంట్ల పెట్టిన. రేపు తెస్త."

సవరణకు దారి లేదా అని సురేందర్ అడిగాడు. ఉందన్నారు సారు. భాషా ఉపసంఘానికి రాయవచ్చు. ఉపసంఘం వర్షాకాలం వెళ్లాక కూర్చుంటుంది. ఆయన 'వర్షాకాలం' అన్నప్పుడు మేమందరం పడమటికి చూశాం. ఆయన చూడలేదు.

తర్వాత సారు కుర్చీ వేయించుకుని పని మొదలుపెట్టారు. కొనుగోలు అంటే మద్దతు ధర ఉండాలి. మద్దతు ధర కట్టాలంటే సాగు ఖర్చు తెలియాలి. ధ్యానానికి సాగు ఖర్చు అంటే నేర్చుకునే ఖర్చు. దిగుబడి అంటే మనశ్శాంతి. ఏ పద్ధతిలో నేర్చుకుంటే ఎంత ఖర్చవుతుంది, ఎంత శాంతి దిగుతుంది అని సరిపోల్చి, తక్కువ ఖర్చుకు ఎక్కువ దిగేదాన్ని ఎ గ్రేడు అనాలి. ఎ గ్రేడు దొరికితే చాలు, టన్నులకు టన్నులు కొనేయవచ్చు. ఇదంతా ఆయన ఒక్క తప్పు లేకుండా చెప్పారు. వింటున్నంతసేపూ సబబుగానే అనిపించింది. అందుకే భయం వేసింది.

మర్నాడు పట్నం నుంచి ముగ్గురు గురువులు వచ్చారు. గురువులు నేల మీద కూర్చోరాదని మా కుప్పల మీది పరదాలు తీసి పరిచారు. వాటి మీద మెత్తగా ఉండాలని వడ్ల కోసం వచ్చిన కొత్త గోనె సంచులు మడతపెట్టి వేశారు. కుప్పలు నెత్తిన గుడ్డ లేని ముసలివాళ్లలా ఎండలో నిలబడ్డాయి.

మొదటాయనది శ్వాస పద్ధతి. ముక్కు కొస మీద మనసు పెట్టి, లోపలికి పోయే గాలిని, బయటికి వచ్చే గాలిని గమనిస్తూ ఉండాలి. అంతే.

"గంతేనా?" అన్నాడు ఓదెలు. "దీనికెంత?"

గురువు ఫీజు చెప్పాడు. మా ఊళ్లో ఏ లెక్కయినా సంచుల్లోనే అర్థమవుతుంది. ఓదెలు మనసులో సంచుల్లోకి మార్చుకుని అదిరిపోయాడు.

"ఎనిమిది సంచులా! నా ముక్కు, నా గాలి. మధ్యల నీకెందుకయ్యా ఎనిమిది సంచులు?"

"గాలి మీదే. గమనించడం మాది" అన్నాడు గురువు.

సారు రాసుకున్నారు. ఓదెలును, ఇంకా కొందరిని కూర్చోబెట్టారు. అవతల జాగాలో ఎవరో వడ్లు ఎత్తిపోస్తున్నారు. వడ్ల నుసి గాలికి వచ్చింది. ముక్కు కొస మీద మనసు పెట్టినవాళ్లందరికీ ఒకేసారి తుమ్ములొచ్చాయి. గురువుగారికి అందరికంటే ఎక్కువ వచ్చాయి, ఆయన దృష్టి అందరికంటే ఎక్కువ అక్కడే ఉంది గనుక. 'దిగుబడి: మధ్యమం. తుమ్ము వలన నష్టం' అని సారు రాశారు.

రెండో ఆయనది మంత్ర పద్ధతి. చెవిలో ఒక మాట చెబుతాడు. దాన్ని లోపల అనుకుంటూ ఉండాలి, బయటికి చెప్పరాదు. ఖర్చు మొదటిదానికి మూడింతలు. ఇదీ ఓదెలుకే ఇప్పించారు, అతను అన్నిటికీ ఖాళీగా ఉన్నాడని. ఓదెలు అన్నం తిని ఒక కునుకు తీసి లేచాక ఆ మాట మరిచిపోయాడు. వెళ్లి గురువును అడిగాడు.

"మళ్లీ చెప్పాలంటే మళ్లీ రుసుము" అన్నాడు ఆయన.

"నా మాటే గదా సారు, నాకిచ్చిందే గదా!"

"పాస్ బుక్కు పోతే డూప్లికేటుకు కట్టరా? ఇదీ అంతే."

ఆ పోలికతో విద్యాధర్ సారుకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఓదెలు మాత్రం సాయంత్రం దాకా కనిపించిన వాళ్లనల్లా ఆపి, "అది మూడక్షరాలది. నోట్లెకెళ్లి రాబట్టె, పోబట్టె" అని బాధపడ్డాడు. ధ్యానం నేర్చుకున్నవాడు అంత అశాంతిగా తిరగడం మేం చూడలేదు.

మరుసటి రోజు మూడోది, ఫోన్ పద్ధతి. గురువు ఫోన్‌లో ఉంటాడు. వచ్చినాయన గురువు కాదు, ఫోన్‌లో అది ఎక్కించే కుర్రాడట. ఎక్కించడానికి ఖర్చు లేదు. సారు ముఖం వికసించింది. కాని మా ఊళ్లో సిగ్నల్ నీళ్ల ట్యాంకు మీదనే దొరుకుతుంది. ఆ పద్ధతి వాళ్లంతా నిచ్చెన పట్టుకుని ట్యాంకు ఎక్కారు. కొద్దిసేపు మెత్తగా మాట్లాడిన ఫోన్ గురువు, అందరి కళ్లూ మూతపడ్డాక సబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. సబ్బు మాట వద్దంటే దానికీ కొన్ని సంచుల డబ్బు కట్టాలి. సారు మెడ ఎత్తి వాళ్లను చూసి, 'అభ్యాసకులు ఉన్నత స్థితికి చేరిరి. దిగుటకు నిచ్చెన అవసరము' అని రాశారు.

ఖర్చు తేలింది. ఇక నాణ్యత. సారు కొనుగోలు నిబంధనల పుస్తకం తీశారు. తేమ పదిహేడు శాతం మించరాదు. తాలు ఉండరాదు. తూర్పార పట్టిన తర్వాతే తూకం వేయాలి.

"తేమ అనగా?" అని తనను తానే అడిగారు. కొంచెం ఆలోచించి తానే చెప్పారు. "ధ్యానికి చెమట ఉండరాదు."

ఎండ నిప్పులు చెరుగుతోంది. కూర్చున్నవాళ్ల వీపులు కారుతున్నాయి. తేమ యంత్రంలో పిడికెడు వడ్లు పోయాల్సిన గిన్నెలో ఒక్కొక్కరి వేలు పెట్టించారు. యంత్రం కూతపెట్టి ఆగిపోయింది. ఊరంతా తిరస్కరణ. గురువులూ తిరస్కరణే. కోటు లోపల సారు సంగతి ఎవరూ పరీక్షించలేదు.

అప్పటికి పడమటి మొగులు సగం ఆకాశానికి వచ్చింది. చల్లగాలి వీచింది. కొమురవ్వ కుప్ప దగ్గరికి పోయి, చెంగుతో కప్పుదామన్నట్టు నిలబడి, కళ్లు తుడుచుకుంది.

"ఆమె కూడా తిరస్కరణ" అన్నారు సారు దూరం నుంచే. "కళ్లలో తేమ."

సురేందర్ ఫోన్ పట్టుకుని పరుగున వచ్చాడు. "సార్, పెద్దసారు లైన్‌ల ఉన్నరు. ఎన్ని టన్నులు కొన్నరని అడుగుతున్నరు."

విద్యాధర్ సారు లేచి నిలబడి ఫోన్ అందుకున్నారు. "పురోగతిలో ఉన్నది సార్... అవును సార్, రోజూ పురోగతిలోనే ఉన్నది సార్... రాత్రిలోగా సార్... సస్పెన్షనా సార్?" అన్నారు. ఫోన్ పెట్టేసి కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. మొదటిసారి ఆయన కూడా పడమటికి చూశారు.

"తూర్పార పట్టుట ఒక్కటే మిగిలినది" అన్నారు నీరసంగా. "మనసులోని తాలు ఎగిరిపోవాలి. ఎవరైతే చలించరో వారే ఎ గ్రేడు. ఇక్కడ తూర్పార పట్టుట ఎవరికి వచ్చు?"

"నాకొచ్చు" అంది కొమురవ్వ.

కొంగు నడుముకు చుట్టింది. మేం కొంచెం వెనక్కి జరిగాం, మాకు తెలుసు గనుక.

"ఏమయ్యా ముక్కాయనా!" అని మొదలుపెట్టింది. "నీ ముక్కు నువ్వు చూసుకునేటందుకు నా పరదా కావాల్సొచ్చిందా? నీ కింది మెత్త ఏందో ఎరికేనా, నా వడ్లు పోయాల్సిన సంచి! ఏమయ్యా చెవులాయనా, మూడక్షరాలు మూటగట్టి అమ్ముతవు, మా ఓదెలు పిచ్చోడయి తిరగవట్టె, జర ఇంకోపారి చెప్తే నీ సొమ్మేం బోయె? ఏ ఫోన్ పిలగా, నవ్వకు, నీ సబ్బుతోని నీ మూతి కడుగుత! ఇగ మీరు సారూ. ఒత్తు ఇటున్నదా అటున్నదా తెలువదా మీకు? తెల్వనోనికి చెప్పొచ్చు, తెలిసి కుర్చీల కూసున్నోనికి ఏం జెప్తం? మీ ఇంట్ల పొద్దున ఏం తిన్నరు, అన్నమా, ధ్యానమా?"

ఇంకా చాలా అంది. అన్నీ రాయలేను, ఈ పుస్తకం అందరిళ్లలోకీ పోతుంది.

శ్వాస గురువు శ్వాస బుసగా మారింది. "అమ్మా, మర్యాద!" అని లేచాడు. మంత్ర గురువు కోపంలో గట్టిగా ఒక మాట అరిచాడు. అది విని ఓదెలు, "అగో, గదే! నా మంత్రం గదే!" అని ఎగిరి గంతేశాడు. ఫోన్ కుర్రాడు ట్యాంకు వైపు పరుగెత్తాడు. సారు కోటు విప్పి కుర్చీ మీద వేశారు. జాగాలో చలించని ప్రాణి లేదు.

కొమురవ్వకు ఆయాసం వచ్చింది. తన కుప్ప మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"కదలంది గావాలె. మెదలంది గావాలె. ఎంత తిట్టినా ఉలకంది, పలకంది గావాలె. గంతే గద సారూ మీకు?" అంది. కుప్ప మీద ఒక్క దెబ్బ చరిచింది. "అయితే ఇగో. గింతసేపు తిట్టిన. ఒక్క గింజన్న మాట్లాడిందా?"

సారు కుప్పను చూశారు. దాని చుట్టూ ఒకసారి తిరిగారు. గొంతు సవరించుకున్నారు.

"ఆసనం?" అన్నారు.

"స్థిరం సార్" అన్నాడు సురేందర్. అతనికి విషయం ముందే అర్థమైంది.

"భాషణ?"

"లేదు సార్."

"చింత?"

"కనవడుతలేదు సార్."

"తేమ?"

ఆపి ఉంచిన యంత్రంలో పిడికెడు పోశారు. అది ఇన్నాళ్లకు తన పని దొరికినట్టు మెల్లగా ముల్లు కదిపి, పద్నాలుగు దగ్గర ఆగింది. తాలు లేదు. కొమురవ్వ నాలుగు నాళ్ల కిందనే ఎగరబోసింది.

"నేర్చుకొనుటకైన ఖర్చు?"

"ఏం లేదు సారు" అంది కొమురవ్వ. "పొట్టల ఉన్నప్పుడే అచ్చింది దానికి."

శ్వాస గురువు ఉండబట్టలేకపోయాడు. "అయ్యా, అన్యాయం. దానికి శ్వాసే లేదు!"

"శ్వాస ఉండుట వలననే కదా మీకు తుమ్ములు వచ్చినవి" అన్నారు విద్యాధర్ సారు. ఆయన గొంతులో పాత బలం తిరిగి వచ్చింది. "అతి తక్కువ ఖర్చు, అత్యధిక నిశ్చలత. నిబంధనల ప్రకారం దీనిని కాదనుటకు నాకు అధికారము లేదు. ఎ గ్రేడు ధ్యానం. గురువులు లేవవలెను. సంచులు కావలెను."

మిల్లువాడు ధ్యానం దించుకుంటాడా అని సురేందర్‌కు అనుమానం వచ్చి ఫోన్ చేశాడు. మిల్లువాడు మధ్యలోనే ఆపాడు. "ధ్యానమైతేంది, దైవమైతేంది కార్యదర్శి గారూ. సంచికింత తరుగు తీస్తం. గది ఒప్పుకుంటే లారీ తోలుతం."

హమాలీలు వచ్చారు. గురువుల కింది సంచులు దులిపి నింపారు. కాంటా పెట్టారు. కొమురవ్వ కుప్ప తర్వాత ఓదెలు కుప్ప, దాని వెనక నాది. సురేందర్ రసీదుల మీద 'ధ్యానం, సన్నరకం' అని రాస్తుంటే ఎవరూ అడ్డు చెప్పలేదు. సారు స్వయంగా ఒక్కో సంచి ముందు నిలబడి నిశ్చలత పరీక్షించారు. ఒక సంచి కాంటా మీద నుంచి దొర్లి పడితే దాన్ని బి గ్రేడులో వేశారు. ఓదెలు లబోదిబోమన్నాడు, అది అతనిదే. "దానికేం తెల్వది సారు, హమాలీ జారవిడిచిండు" అని బతిమిలాడి దాన్ని మళ్లీ పైకెక్కించాడు. మంత్ర గురువు చివరికి ఒక సంచి నోటికి పురికొస కుట్టడంలో సాయం పట్టాడు. ఆయన వేళ్లు చురుకైనవి.

పెద్దసారు మళ్లీ ఫోన్ చేశారు. "టన్నుల్లో చెప్పమంటారా సార్, లారీల్లో చెప్పమంటారా?" అన్నారు విద్యాధర్ సారు.

చివరి లారీ పరదా తాడు బిగించి రోడ్డెక్కుతుంటే మొదటి చినుకు పడింది. అది పెద్ద చినుకు. దాని వెనక వాన గోడలా వచ్చింది. అందరం బడి వరండాలోకి పరుగెత్తాం. జీపు పైకప్పు చినిగి ఉన్నందున సారు కూడా మాతోపాటే వచ్చారు. కోటు కుర్చీ మీదే తడిసిపోయింది.

ఖాళీ జాగా మీద వాన దంచుతోంది. ఇందాకటిదాకా కుప్పలున్న చోట నీళ్లు చేరి బుడగలు లేస్తున్నాయి. ఓదెలు గోడకు ఆనుకుని ఉన్నాడు, కాని నిద్రపోవడం లేదు. కొమురవ్వ గడప మీద కూర్చుని, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని, వానకేసి చూస్తోంది. ఆమె ముఖంలో ఒక్క ముడత కదలడం లేదు. మేమందరం అలాగే ఉన్నాం. మాలో ఎవరం అలా కూర్చుని ఎన్నాళ్లయిందో చెప్పలేను.

సారు ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూశారు. గురువుల ముఖాలతో సరిపోల్చుకున్నారు. చివరికి కొమురవ్వ పక్కన నెమ్మదిగా గొంతుక్కూర్చున్నారు. కాగితం తీశారు.

"అమ్మా, ఇది ఆ మూడింటిలో లేదు" అన్నారు గుసగుసగా. "ఇది ఏ పద్ధతి?"

కొమురవ్వ తల తిప్పలేదు.

"వడ్లు అమ్ముడువోయిన పద్ధతి సారు" అంది. "జర సప్పుడు చెయ్యకుండ్రి."